అన్ని విధాలా అనువైన చోటు

చింతలమెరక మున్సిపాలిటీలో ఇల్లు కట్టేవాడికి ఒక జన్మహక్కు ఉండేది. పాత గోడలు పడగొట్టగా వచ్చిన ఇటుక ముక్కలూ, సిమెంటు పెళ్ళలూ, విరిగిన సింకులూ ఎత్తి పక్కవాడి ఖాళీ స్థలంలో పోసుకోవచ్చు. ఆ పక్కవాడు ఇల్లు మొదలెట్టినప్పుడు అవన్నీ ఎత్తి ఆ పై పక్కవాడి స్థలంలో పోస్తాడు. ఇలా తాతలనాటి గోడ పెళ్ళలు కూడా వీధి వీధీ తిరిగి, అందరి ఆతిథ్యమూ పొంది, చిట్టచివరికి కాలవ గట్టు చేరేవి. ఎవరికీ ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా కాలవకే. కాలవకి ఓటు లేదు గనక ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

అలాంటి ఊరికి పైనుంచి ఒక సర్క్యులర్ దిగింది. ప్రతి మున్సిపాలిటీలోనూ నిర్మాణ శిథిల వర్గీకరణ కేంద్రం అని ఒకటి పెట్టాలట. ఇటుకని ఇటుకలో, ఇనుముని ఇనుములో, చెక్కని చెక్కలో వేసి, రాయిని పొడి చేసి మళ్ళీ పనుల్లోకి వాడాలట. మంచి మాటే. మంచి మాటలకి మన దగ్గర ఏనాడూ కరువు లేదు, వాటి వెనకాల తోకలా వచ్చే నిబంధనల దగ్గరే పేచీ. 'కేంద్రమునకు మూడు వందల మీటర్ల పరిధిలో ఎట్టి నివాసములు ఉండరాదు' అని అందులో ఉంది. ఇంకా చాలా ఉన్నాయి గానీ ప్రస్తుతానికి మనకి ఈ ఒక్కటీ చాలు.

ఆ కాగితం తిరిగి తిరిగి అసిస్టెంట్ ఇంజినీరు భీమశంకరం బల్ల మీద పడింది. భీమశంకరానికి యాభై దాటాయి. పెళ్ళయిన దగ్గర్నుంచీ అద్దె కొంపల్లోనే కాపురం. భార్య వీరవేణి నెత్తికి కుంకుడుకాయ రసం పట్టించే సమయం కనిపెట్టి మరీ మోటారు కట్టేసే ఇంటి ఓనరమ్మ దగ్గర చాలా ఏళ్ళు మగ్గారు. ఇప్పటికి, ఊరి చివర జీడితోట కాలనీలో సొంత ఇల్లు లేచింది. రంగులు కూడా అయిపోయాయి. శ్రావణంలో గృహప్రవేశం. వీరవేణి రోజూ సాయంత్రం వెళ్ళి, ఎవరూ ఉండని ఆ ఇంటి ముందు ఊడ్చి ముగ్గేసి వచ్చేది. ఆ ఇంటి మాట తప్ప ఆవిడ నోట ఇంకో మాట ఉండేది కాదు.

కౌన్సిల్ సమావేశం పెట్టారు. కేంద్రం రావాల్సిందే అని అందరూ ఏకగ్రీవంగా అన్నారు. మా వార్డులో మాత్రం వద్దని కూడా అంతే ఏకగ్రీవంగా అన్నారు. ఒకాయన తన వార్డులో గర్భిణీ స్త్రీలు ఎక్కువన్నాడు. ఇంకొకాయన తన వార్డులో మనోభావాలు ఎక్కువన్నాడు. ఒకావిడ లేచి, మా వార్డులో స్థలం లేదు, ఉన్న కాస్తా మా మరిది కబ్జాలో ఉంది, అని ఉన్నమాట చెప్పి కూచుంది. అందరూ ఆవిడకేసి అసహ్యంగా చూశారు.

అప్పుడు కమిషనర్ నీలాద్రి గారు గొంతు సవరించుకున్నారు. ఆయన కొత్తగా వచ్చారు. ఇంట్లో కూరలో ఉప్పు తక్కువైనా ఫైలు భాషలోనే చెబుతారని ప్రతీతి.

"ఎట్టి ప్రలోభములకూ, పక్షపాతములకూ తావు లేకుండా, కేవలము శాస్త్రీయ పద్ధతిన స్థల నిర్ణయము గావింపబడును" అన్నారు.

సభ్యులు బల్లలు చరిచారు. శాస్త్రం ఎవరి వార్డులోదీ కాదు కదా.

మర్నాడు కమిషనర్ గదిలో పెద్ద బల్ల మీద ఊరి పటం పరిచారు. మూడు వందల మీటర్ల వలయం గీసి, ఇళ్ళు తగలకుండా అది ఎక్కడ పడుతుందో చూడాలి.

"సార్, కాంపస్ లేదండి. ఇండెంటు పెట్టాం, ఇంకా రాలేదు" అన్నాడు భీమశంకరం.

"శాస్త్రమునకు పరికరము ప్రధానము కాదు శంకరం గారూ. దృక్పథము ప్రధానము."

అంతలో అటెండరు లోవమ్మ టీ గ్లాసులు తెచ్చింది. కమిషనర్ గారి దృక్పథం ఆవిడ ముంజేతి మీద పడింది. గాజొకటి తీయించి పటం మీద పెట్టి కొలిస్తే, స్కేలు ప్రకారం అది అచ్చంగా మూడు వందల మీటర్ల వలయం. లోవమ్మ గాజు ఇచ్చింది గానీ గది వదిలి వెళ్ళలేదు. "జాగ్రత్తండి బాబూ, పగిలితే మా ఆయనకి మంచిది కాదు" అని గుమ్మంలోనే నిలబడింది.

గాజు ఊరంతా తిరిగింది. ఎక్కడ పెట్టినా కింద ఇళ్ళే. పెట్టి, తీసి, జరిపి, ఆఖరికి తూర్పు మూల పడేసరికి దాని కింద తెల్ల కాగితం తప్ప ఏమీ లేదు. 'జీడితోట, నివాసములు నాస్తి' అని చిన్న అక్షరాలు. కమిషనర్ మొహం విప్పారింది. భీమశంకరం గబగబా అందుకున్నాడు.

"సార్, ఇది పాత పటం అండి. అక్కడ జీడి చెట్లు కొట్టేసి చాలా కాలమైంది. ఇప్పుడు కాలనీ ఉంది. ఇళ్ళున్నాయండి."

"ఎక్కడ?"

"అక్కడేనండి."

"పటములో ఎక్కడ?"

"పటంలో లేవండి. కొత్త పటం తయారీలో ఉందండి."

"ఈ పటము ఆమోదితమేనా?"

"ఆమోదితమేనండి. కానీ ఆ ఇళ్ళకి ప్లానులు కూడా మన ఆఫీసే ఇచ్చిందండి. పన్నులు కూడా కడుతున్నారు."

నీలాద్రి గారు జాలిగా చూశారు. "ప్లాను వేరు, పటము వేరు. ఆమోదిత పటములో లేనిది ఇల్లు అయినను కావచ్చును గాని, నివాసము కాజాలదు. స్థలము అనువైనదని శాస్త్రము తేల్చినది. అనువుగా లేనివి ఇళ్ళు. దోషము ఎక్కడున్నదో అక్కడ సరిచేయవలెను గాని, ఏ పాపమూ ఎరుగని స్థలమును తప్పుపట్టుట న్యాయమా?"

ఇన్నేళ్ళ సర్వీసులో భీమశంకరం పైవాడి మాటకి అడ్డు చెప్పిన పాపాన పోలేదు. కాలనీ మధ్యలో పార్కు కోసం వదిలేసిన ఖాళీ జాగా ఉంది. గాజు నడిబొడ్డు అక్కడ పడింది. ఇంతలో కమిషనర్ గారికి ఫోను వచ్చి అటు తిరిగారు.

భీమశంకరం వంగి చూశాడు. ఆ తెల్ల కాగితం మీద మిగతావాళ్ళకి ఏమీ కనపడదు గానీ ఆయనకి వీధులు కనపడుతున్నాయి. గాజు పడమటి అంచు ఎక్కడుందో చూసుకున్నాడు. సరిగ్గా వాళ్ళ కొత్త ఇంటి మీదుంది. చిటికెన వేలితో గాజుని తూర్పుకి ఒక్క బియ్యపు గింజంత జరిపాడు. కాగితం మీద గింజంతే. నేల మీద అది భీమశంకరం వీధిని వదిలిపెట్టి, అటు చివర టెంట్ హౌస్ తాతాజీ వాళ్ళ వీధిని మింగింది. కమిషనర్ ఫోను పెట్టేసి ఇటు తిరిగేసరికి పెన్సిలు గీత పూర్తయింది. లోవమ్మ తన గాజు తాను తీసుకుని వెళ్ళిపోయింది.

'సదరు స్థలము అన్ని విధములా అనువైనదని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది' అని రాసి భీమశంకరం సంతకం పెట్టాడు. చెయ్యి వణకలేదు. తన ఇల్లు గీత బయట ఉన్నవాడి చెయ్యి ఎందుకు వణుకుతుంది?

నోటీసులు వెళ్ళాయి. రెండో రోజునే తాతాజీ వచ్చాడు. పెళ్ళిళ్ళకీ తద్దినాలకీ షామియానాలు వేసే మనిషి. భీమశంకరం ఇంటికి స్లాబు వేసిన రోజు అకాల వాన పడితే, పిలవకుండానే వచ్చి తన టార్పాలిన్లన్నీ పరిచి, తను తడుస్తూ నిలబడి ఆ స్లాబుని కాపాడాడు.

"మీరే కొలిచారంట గదా ఏఈ గారూ" అన్నాడు, వీరవేణి ఇచ్చిన కాఫీ గ్లాసు చేత్తో పట్టుకుని. "మా వీధి ఆ చివరెక్కడో ఉందండి. అంత దూరం వస్తుందంటారా? మా అమ్మ మంచం దిగి ఏడాదైంది. ఆవిణ్ణి ఎక్కడికని మోసుకెళ్ళమంటారు? ఒక్కసారి మళ్ళీ కొలవండి."

"పైవాళ్ళ నిర్ణయం తాతాజీ. నా చేతుల్లో ఏముంది?" అన్నాడు భీమశంకరం. అంటూనే చిటికెన వేలు మడిచేసుకున్నాడు.

తాతాజీ కాఫీ తాగకుండానే గ్లాసు కింద పెట్టి వెళ్ళాడు. వీరవేణి వీధి గుమ్మం దాకా వెళ్ళి చూసి వచ్చింది.

"ఏవండీ, మరి మన ఇల్లో?"

"మనది గీత బయట."

"అమ్మయ్య" అంది వీరవేణి. అనేశాక తనకే సిగ్గేసింది. ఆ పూట అన్నం సహించలేదు ఆవిడకి.

ఇళ్ళు కూల్చడానికి యంత్రాలు వచ్చాయి. జనం ఏడ్చారు, తిట్టారు, దుమ్మెత్తి పోశారు. పోసిన దుమ్ము కూడా శిథిలాల లెక్కలోకే వచ్చింది. తాతాజీ తల్లిని మంచంతో సహా బయటికి తెచ్చారు. ఎక్కడికీ పోలేనివాళ్ళకి తాతాజీయే కాలవ గట్టు మీద తన షామియానాలు వేయించాడు. పెళ్ళి షామియానాలు కావడంతో ముఖద్వారానికి 'స్వాగతం' అనే బోర్డు కూడా ఉంది. దాని కింద నుంచి బిందెలతో, బట్టల మూటలతో మనుషులు లోపలికి పోయారు.

కూల్చింది కుప్పపోశాక, నీలాద్రి గారు భీమశంకరాన్ని పిలిపించారు. చాలా ఉత్సాహంగా ఉన్నారు.

"శంకరం గారూ, సంతోషకరమైన సమాచారము. మన పట్టణమున శిథిలముల ఉత్పత్తి అనూహ్యముగా పెరిగినది. మన కేంద్రము రెండవ తరగతికి ఉన్నతీకరింపబడినది."

"అయితే ఏమవుతుందండి?"

"పరిధి ఆరు వందల మీటర్లు కాగలదు."

"సార్, మొదటి విడత కూల్చాం కాబట్టే కదండీ ఇవి పెరిగాయి. కూల్చకపోతే పెరిగేవి కావు కదండీ."

"నిస్సందేహముగా. కూల్చితిమి గనుకనే కేంద్రము యొక్క ఆవశ్యకత రుజువైనది."

ఈసారి గాజు చాలదు. కమిషనర్ గారు చుట్టూ చూసి, భీమశంకరం టిఫిన్ బాక్సు మూత తెమ్మన్నారు. ఆవకాయ నూనె మరకతో ఉన్న ఆ మూత పటం మీద బోర్లించారు. భీమశంకరం పెన్సిలు పట్టుకుని చూశాడు. ఇక చిటికెన వేలు కాదు గదా, భుజం పెట్టి తోసినా లాభం లేదు. ఇల్లు మూత కింద నిండా మునిగింది.

"సార్, మా ఇల్లు సార్. శ్రావణంలో గృహప్రవేశం."

"మీదా? పటములో లేదే."

"సార్, నాకు తెలుసు కదండీ, అక్కడ..."

"స్థలము అన్ని విధములా అనువైనదని ధ్రువీకరించినది ఎవరు?"

భీమశంకరం తెగించి ఒక్క మాట మాత్రం అన్నాడు. సర్వీసు మొత్తంలో అంత తెగింపు ఆయనకి అదే మొదలు.

"ఇది కూడా కూలిస్తే శిథిలాలు ఇంకా పెరుగుతాయండి. మూడో తరగతికి పోతాం. అప్పుడు పరిధి కిలోమీటరు పైమాటే. అదీ చూడండి."

నీలాద్రి గారు చూడాలనుకున్నారు. శాస్త్రం మీద ఆయనకి అంత నమ్మకం. లోవమ్మ స్టీలు కంచం తెచ్చింది. కంచం బోర్లించగానే దాని అంచు వెళ్ళి మున్సిపల్ చైర్మన్ గారి కళ్యాణ మండపం మీదా, ఆ పక్కనే ఉన్న కమిషనర్ గారి బంగళా మీదా వాలింది.

కమిషనర్ గారు కంచం తీసి మెల్లగా పక్కన పెట్టారు. "రెండవ విడతలో లభ్యమగునది శిథిలముగా పరిగణింపబడదు. అది మట్టి. మట్టి అనగా భూమాత. భూమాతను వర్గీకరించు అధికారము మనకు లేదు" అన్నారు.

శాస్త్రం అక్కడితో ఆగింది. భీమశంకరం ఇంటికి ఇవతల మాత్రం ఆగలేదు.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. కట్టినవాడు దగ్గరుండి కూల్చి కూడా చూడాలని వాళ్ళు అనుకుని ఉండరు. డ్యూటీ కాబట్టి భీమశంకరం టోపీ పెట్టుకుని యంత్రం పక్కన నిలబడ్డాడు. వీరవేణి ఎవరు చెప్పినా వినకుండా వచ్చింది. వంటింటి గోడ ఒరిగినప్పుడు, "పాలైనా పొంగించలేదండీ" అంది. అంతే అంది. కొంగు నోట్లో కుక్కుకుని, నిలబడ్డ చోటే కూలబడిపోయింది. ఆయనకి ఆవిడ దగ్గరికి వెళ్ళాలని ఉంది. టోపీ సర్దుకుని యంత్రం పక్కనే ఉండిపోయాడు.

కేంద్రం కట్టారు. ప్రారంభోత్సవానికి షామియానా దొరకలేదు, అన్నీ కాలవ గట్టు మీద ఉన్నాయి. ఎండలోనే కొబ్బరికాయ కొట్టారు. ఈలోగా ఊళ్ళో అద్దె ఇళ్ళ కోసం కొట్లాటలు మొదలయ్యాయి. అద్దె ఎక్కువిచ్చేవాళ్ళు దొరకడంతో ఓనరమ్మ భీమశంకరాన్ని కూడా ఖాళీ చెయ్యమంది.

అటువంటి సమయంలో నిబంధనల్లో ఇంకొకటి బయటపడింది. 'కేంద్రమును అహర్నిశములు పర్యవేక్షించుటకు ఒక బాధ్యతాయుతమైన అధికారి కుటుంబ సమేతముగా సదరు ఆవరణలోనే నివసించవలెను.' ఆ బాధ్యతాయుతమైన అధికారిగా భీమశంకరాన్ని వేశారు. ఏరిన ఇటుకలతోనే రెండు గదుల క్వార్టరు లేచింది. ఆ ఇటుకల్లో కొన్నింటికి తను వేయించిన రంగు ఉండటం భీమశంకరం చూశాడు గానీ భార్యకి చెప్పలేదు. ఆవిడా చూసింది. ఆవిడా చెప్పలేదు.

వీరవేణి ఆ కొత్త వంటింట్లో పాలు పొంగించింది. ఓనరమ్మ లేదు. నీళ్ళు రోజంతా. చుట్టుపక్కల ఎంతమేర చూసినా ఒక్క ఇల్లు లేదు, ఒక్క మనిషి లేడు, దుమ్ము తప్ప. ఒకరోజు, "ఇంతమందిని లేపేసి మనం ఇక్కడ కూచున్నాం. ఇది మనకి అరుగుతుందంటారా?" అని అడిగింది. భీమశంకరం పేపరు అడ్డం పెట్టుకున్నాడు. కానీ మనిషి ఆశ చెడ్డది. నెల తిరిగేసరికి ఆవిడ బీరపాదు పెట్టింది, డాబా మీద వడియాలు పెట్టింది. మంచాన పడ్డ ప్రాణం లేచి తిరిగినట్టు తిరగసాగింది.

అప్పుడు పైనుంచి తనిఖీ అధికారి పరంజ్యోతి గారు వచ్చారు. ఇటుకల గుట్ట చూశారు, ఇనుము గుట్ట చూశారు, తల పంకించారు. నీలాద్రి గారు వెంట నడుస్తూ ప్రతి గుట్టనీ పరిచయం చేశారు. ఎండకి పాపం అనుకుని వీరవేణి మజ్జిగ తెచ్చింది. పరంజ్యోతి గారు గ్లాసు అందుకోబోయి ఆగారు.

"ఈమె ఎవరు?"

"నా భార్యండి" అన్నాడు భీమశంకరం.

"ఇక్కడ నివసించుచున్నారా?"

"అవునండి. నివసించవలెనని రూల్లోనే ఉందండి."

"ఆ రూలు సిబ్బంది విభాగము వారిది. నాది పరిధి విభాగము."

టేపు తీశారు. రాళ్ళు పొడి చేసే యంత్రం దగ్గర్నుంచి వీరవేణి పొయ్యి దాకా కొలిచారు. పట్టుమని పది మీటర్లు లేదు. పరంజ్యోతి గారు మజ్జిగ ముట్టుకోకుండా రాసుకున్నారు. 'నిషిద్ధ పరిధిలో నివాసము కలదు. స్థలము అనువైనది కాదు. కేంద్రమును తక్షణమే వేరొక పట్టణమునకు తరలించవలెను.'

"క్వార్టరును తొలగించెదము" అన్నారు నీలాద్రి గారు కంగారుగా.

"తొలగించినచో సిబ్బంది విభాగము వారు ఒప్పుకొనరు. వారి నిబంధన ఉల్లంఘింపబడును."

"మరి ఈ భూమి?"

"శిథిలములు నిల్వ ఉంచిన భూమి నివాసయోగ్యము కాదు. ముప్పది సంవత్సరములు ఖాళీగా ఉంచవలెను."

ఇటు కేంద్రానికీ కాదు, అటు ఇళ్ళకీ కాదు. రెంటికీ చెడ్డ రేవడి అంటే ఆ నేలే. నీలాద్రి గారికి పెద్ద ఊరికి బదిలీ అయింది. శాస్త్రీయ స్థల ఎంపికలో ఆయన అనుభవం అక్కడ అవసరమట. యంత్రాలు విప్పి లారీలకి ఎక్కించడం మొదలైంది. క్వార్టరు ఖాళీ చెయ్యమని భీమశంకరానికి ఉత్తర్వు అందింది. వీరవేణి గిన్నెలు సర్దుతూ, బీరపాదుకి మొన్ననే పూత వచ్చిందని ఎవరితోనో చెబుతున్నట్టు అంది. భీమశంకరం వినలేక బయటికి వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు.

అక్కడికి తాతాజీ వచ్చాడు. మనిషి సగమయ్యాడు. గుండుతో ఉన్నాడు. తల్లి కాలవ గట్టు మీదే పోయిందని అప్పటిదాకా భీమశంకరానికి తెలియదు.

"కేంద్రం ఎత్తేస్తున్నారంట గదండీ" అన్నాడు తాతాజీ. గొంతులో కోపం కూడా లేదు. "మావాళ్ళంతా కనుక్కు రమ్మన్నారు. మా జాగాలు మాకిస్తారా?"

"ఇవ్వరు తాతాజీ. ముప్పై ఏళ్ళ దాకా ఎవరూ ఉండకూడదట."

తాతాజీ లారీల కేసి చూశాడు.

"మరి ఎందుకు ఎత్తేస్తున్నట్టండీ?"

"ఈ చోటు అనువైంది కాదట."

"అదేంటండి. అన్ని విధాలా అనువైందని మీరే గదండీ రాసింది?"

"దగ్గర్లో ఇల్లుందని తేలింది."

"ఎన్నిళ్ళండీ?"

"ఒకటే. మాది."

తాతాజీ క్వార్టరు కేసి చూశాడు. వెనక్కి తిరిగి, తమ వీధులన్నీ ఉండిన ఆ ఖాళీ నేల కేసి చూశాడు. తర్వాత భీమశంకరాన్ని, నిజంగా తెలియక అడిగేవాడు అడిగినట్టే అడిగాడు.

"మా అందరి ఇళ్ళూ ఉన్నప్పుడు పనికొచ్చిన చోటు, మీ ఒక్క ఇల్లుంటే పనికి రాకుండా పోయిందా ఏఈ గారూ?"